పెదనందిపాడు ఫిర్కాలోని ఒక రైతు కుటుంబ చరిత్ర

ఈ రజతోత్సవ సంచికకు మా కుటుంబ చరిత్రను వ్రాసి యిమ్మని గ్రంథాలయ కార్యదర్శిగారు కోరినపుడు మొదట సంకోచించితిని. మా యింటిపేరు ఏ కైఫియతులోను కానరాదు. వేలిముద్రలు వేసిన రైతులకు చరిత్ర యేమి యుండుననియు అనుకొంటిని. కాని పాత యింటి భోషాణములోని కాగితములను విప్పి చదివిన పిమ్మట వ్రాయక మానుట తప్పని తోచినది. వానిలో రెండు, నేను చిన్ననాటినుండి వినుచు వచ్చిన కథను తలక్రిందులు చేసినవి.

మా పెద్దలు కాలమును కరువులతో లెక్కించెడివారు. అన్నిటికంటె పాతది నందన కరువు. 1832–33లో వచ్చిన ఆ కరువున గుంటూరు మండలపు జనములో ఇంచుమించు మూడవవంతు నశించిరి. మా తాతగారి తాత ఆ యేట మద్రాసు బాట పట్టెను. ఇంటినుండి బయలుదేరినవారు అయిదుగురు. తిరిగి వచ్చినవారు ఇద్దరు. మా వంశవృక్షము అక్కడనే మొదలగుచున్నది. అంతకు పైతరముల పేర్లు చెప్పగలవారు ఆ బాటలోనే పోయిరి.

1855లో బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియై డెల్టా భూములు మాగాణులైనవి. ఆ నీరు మా చేలకు రాలేదు. మాది నల్లరేగడి మెట్ట. గొర్రుతో విత్తుట, గుంటకతో పైరు సాకుట, తక్కిన భారము వానదేవునిపై వేయుట. జొన్నయే అన్నము. పండిన యేడు గింజలను పెరటిలోని పాతరలో పోసి, పైన గడ్డి పరచి, మట్టితో కప్పి, ఆ సంగతి బయటివారికి తెలియనీయక కాపాడెడివారు. పాతర తీసినపుడు ముందుగా దీపమును త్రాటితో దింపి చూచెడివారు. దీపము ఆరినచో మనిషి దిగరాదు. మా తాతగారు పుట్టినది 1876లో, ధాత కరువునాడు. బాలెంతరాలిని బ్రతికించినది ఆ పాతరయేనని మా యింట చెప్పుకొనెడివారు. నా చిన్నతనమున ఆ చోట నడిచిన అడుగుల క్రింద నేల గుల్లగా పలికెడిది.

ఇచట ఒక చిన్న మాట. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపిరి. 1904లో మరల ఏర్పరచిరి. మా పాత పట్టాపై కృష్ణా జిల్లా అని యుండుట చూచి, మేము కృష్ణ ఆవలి యొడ్డునుండి వలస వచ్చితిమని మా బంధువొకరు గట్టిగా వాదించిరి. వలస పోయినది జిల్లాయే గాని మేము కాము.

ఇక అసలు విషయము. 1922 మొదటి నెలలలో పెదనందిపాడు ఫిర్కా రైతులు ప్రభుత్వమునకు పన్ను చెల్లింపమని నిలిచిరి. పర్వతనేని వీరయ్యచౌదరిగారు నాయకులు. గ్రామోద్యోగులు పలువురు రాజీనామాలిచ్చిరి. పశువులను జప్తు చేసి వేలము వేయించుటకు అధికారులు ఊరూర తిరిగిరి. ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో హింస చెలరేగుటచే గాంధీజీ శాసనోల్లంఘనము ఆపివేసిరి. ఇచటి ఉద్యమమును ఆ నెలలోనే ముగిసినది.

మా యింటి కథ ఇట్లుండెడిది: మా తాతగారి ఒంగోలు గిత్తల జతను జప్తు చేసి చావడివద్ద కట్టివేసిరి, ఊరిలో ఒక్కడును పాట పాడలేదు, మూడవనాడు ఎడ్లు ఇంటికి మరలినవి. ఈ కథను మా తాతగారే మాకు చెప్పెడివారు. అదే యేట ఆయనయు తమ్ముడును వేరు పడిరి. దానికి కారణము తోడికోడండ్ర తగవని ఊరంతయు నెరుగును. మా నాయనమ్మ తన జీవితాంతము ఇల్లు విడదీసినదను మాట పడినది. పెండ్లిలో పసుపు దంచుటకు కూడ ఆమెను ముందుకు పిలువరని మా మేనత్త చెప్పగా వింటిని.

భోషాణములో దొరకిన మొదటి కాగితము శిస్తు రసీదు. తేది 1922 జనవరి, అనగా ఉద్యమము సాగుచున్న నాళ్లు. దానిపై మా గ్రామ మునసబు సంతకము లేదు. అతడు అప్పటికే రాజీనామా యిచ్చెను. వసూలుకు వచ్చిన వేరొక ఉద్యోగి సంతకము కలదు. పట్టాదారుగా మా తాతగారి పేరు, చెల్లించినవానిగా తమ్ముని పేరు. రెండవది ఆ వేసవిలో వ్రాసికొన్న పారీఖత్తు. పొలము, ఇల్లు, గడ్డివామి సరిసమానముగా పంచబడినవి. ఎడ్ల జత మాత్రము పూర్తిగా తమ్మునికి, అతడు శిస్తు నిమిత్తము ఇచ్చిన సొమ్ముకు బదులుగా, అని వ్రాసియున్నది.

కావున ఎడ్లు తిరిగి వచ్చినది పాటదారులు లేక కాదు, పన్ను కట్టుటవలన. అన్నకు తెలియకుండ తమ్ముడు కట్టినాడు. తెలిసిన పిదప అన్న ఆ ఎడ్లను తాకలేదు. ఆ యేడు అరువు కాడితో దున్నుకొన్నాడు. అయినను తమ్ముని పేరు చెడకుండుటకై పాటదారుల కథను తానే అల్లి, చనిపోవువరకు చెప్పినాడు. ఇది ఉదారతయే. కాని ఆ ఉదారతకు మూల్యము చెల్లించినవారు ఇద్దరు స్త్రీలు. మా తాతగారియెడ నాకెంత భక్తి యున్నను ఈ మాట వ్రాయక తప్పదు. చినతాతగారిని నిందింపను. ఎడ్లు పోయిన మెట్టరైతు మరుసటి పునాసకు ఏమి చేయవలెను? ఆయన చూచినది అది.

తరువాతి సంగతులు పెక్కు కుటుంబములకు సామాన్యములే: పొగాకు వచ్చుట, అప్పులు పెరుగుట, 1938 నాటి ఋణ విమోచన చట్టము. 1955 డిసెంబరులో నాగార్జునసాగరుకు శంకుస్థాపన జరిగిన వార్తను నేనే పత్రికలో చదివి వినిపించితిని. ఆ నీరు మన మెట్టకు ఎక్కునా అని తాతగారు రెండుసార్లు అడిగిరి. మరుసటి యేట కాలము చేసిరి.

ఆ రెండు కాగితములను మన గ్రంథాలయమునకు ఒప్పగించుటకు ముందు చినతాతగారి మనుమనికి చూపితిని. అతడు నిలుచుండియే రెండుసార్లు చదివెను. రసీదును అద్దములో బిగింపవలదనియు, పారీఖత్తు ప్రక్కనే ఒకే సంచిలో నుంచవలెననియు కోరెను. అట్లే ఉంచితిమి.