కూరగాయ మొక్కల కణజాల వర్ధనం: చరిత్ర

మొక్క నుంచి కోసిన చిన్న ముక్కను సూక్ష్మజీవులు చొరబడని గాజు పాత్రలో, పోషకాల మీద పెంచి, దాన్నుంచి తిరిగి మొక్కను రాబట్టే పద్ధతి కణజాల వర్ధనం. రైతుల నోట ఇది టిష్యూ కల్చర్. ఆ మాట వినగానే మనకు అరటి పిలకలే గుర్తొస్తాయి గానీ, ఈ విద్యకు ఓనమాలు దిద్దించిన మొక్కల్లో టమాటా, క్యారెట్ ముందుంటాయి.

1902లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు గాట్లీబ్ హేబర్లాండ్ట్ ఆకు కణాలను విడదీసి పోషక ద్రావణంలో ఉంచాడు. అవి బతికాయి, ఉబ్బాయి, కానీ ఒక్కటీ విభజన చెందలేదు. అయినా, శాకీయ కణాల నుంచి పిండాలను పెంచగలిగే రోజు వస్తుందని అతను రాసిపెట్టాడు. ప్రతి సజీవ కణంలోనూ పూర్తి మొక్కగా ఎదిగే శక్తి దాగి ఉందన్న ఈ ఆలోచనకే టోటిపొటెన్సీ అని పేరు.

1934లో అమెరికాలో ఫిలిప్ వైట్ టమాటా వేరు కొనలను లవణాలు, చక్కెర, ఈస్ట్ సారం కలిపిన ద్రావణంలో వేశాడు. పెరిగిన కొనను కోసి కొత్త ద్రావణంలోకి మార్చుతూ పోతే దాని పెరుగుదలకు అంతే లేకపోయింది. అయితే వేరు వేరుగానే ఉండిపోయింది, చిగురు వేయలేదు. 1939లో ఫ్రాన్స్‌లో గోథెరే, నోబెకూర్ వేర్వేరుగా క్యారెట్ కణజాలాన్ని ఆగకుండా పెంచగలిగారు. అదీ రూపురేఖలు లేని కణాల ముద్దే. దాన్నే కాలస్ అంటారు.

ఆ ముద్దకు రూపం తెప్పించే కిటుకు అనుకోని చోట దొరికింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్కూగ్, మిల్లర్ బృందం 1955లో హెర్రింగ్ చేప వీర్యకణాల డీఎన్ఏ నుంచి కణ విభజనను ప్రేరేపించే కైనెటిన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. పాతబడిన డీఎన్ఏ నమూనా పనిచేసింది, తాజాది పనిచేయలేదు. తాజాదాన్ని ఆటోక్లేవ్ అనే అధిక పీడన ఆవిరి పాత్రలో వేడిచేస్తే అదీ పనిచేసింది. 1957లో పొగాకు మీద వాళ్లు తేల్చిన సూత్రం నేటికీ ప్రయోగశాలల్లో తొలి పాఠం: ఆక్సిన్ అనే మొక్కల హార్మోన్ పాలు ఎక్కువైతే వేర్లు, కైనెటిన్ పాలు ఎక్కువైతే చిగుళ్లు, మధ్యస్థంగా ఉంటే కాలస్. 1962లో మురాషిగె, స్కూగ్ ప్రకటించిన లవణాల మిశ్రమం ఎం.ఎస్. మీడియం పేరుతో ఇంచుమించు అన్ని పంటలకూ ఆధారమైంది.

హేబర్లాండ్ట్ జోస్యం ఫలించింది మాత్రం క్యారెట్‌లోనే. 1958లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఎఫ్.సి. స్టీవార్డ్, ఇంచుమించు అదే కాలంలో జర్మనీలో రైనర్ట్, క్యారెట్ కణాల నుంచి పిండాల వంటి రూపాలను చూపించారు. స్టీవార్డ్ ద్రావణంలో కలిపింది కొబ్బరి నీళ్లు. ఆంగ్ల పత్రాల్లో కొబ్బరిపాలు అని ఉన్నా, అవి మనం కాయ కొట్టి తాగే నీళ్లే.

ఇంతవరకూ ఇది పరిశోధకుల గెలుపు. పొలానికి అసలు మేలు చేసింది బంగాళదుంప. దుంపే విత్తనం కాబట్టి తల్లి మొక్కకు సోకిన వైరస్ పిల్లలకూ దిగుతుంది. రెమ్మ చిట్టచివర ఉండే విభాజ్య కణజాలంలో వైరస్ ఉండదు, లేదా చాలా తక్కువ. దాన్ని మాత్రమే కోసి పెంచిన ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు మోరెల్, మార్టిన్ 1952లో డాలియా పూల మొక్కనూ, 1955లో బంగాళదుంపనూ వైరస్ నుంచి విడిపించారు. ఇంగ్లండ్‌లో కింగ్ ఎడ్వర్డ్ అనే బంగాళదుంప రకం మొక్కలన్నిటికీ పారాక్రింకిల్ వైరస్ ఉండేది. 1957లో అక్కడి రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో కసానిస్ ఆ రకాన్ని ఇదే పద్ధతిలో శుభ్రం చేశాడు. మన సిమ్లాలోని కేంద్ర బంగాళదుంప పరిశోధన సంస్థ ఆరోగ్యకరమైన విత్తన దుంపల తయారీకి ఈ పద్ధతినే వాడుతోంది.

మిగతా కూరగాయల సంగతికొస్తే, టమాటా, వంగ, మిరప ఒకే కుటుంబం, గుణాలు మాత్రం వేరు. వంగ బీజదళాల ముక్కలు సులువుగా చిగురిస్తాయి. అందుకే పురుగును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన బీటీ వంగ తయారీకి అవే పనికొచ్చాయి. మిరప మొండిఘటం. 1978లో గునే, పి.ఎస్. రావు దాని మొలక కాండం, బీజదళాల ముక్కల నుంచి మొక్కలు రప్పించినట్టు ప్రకటించినా, చాలా రకాల్లో మొగ్గలు ఆకుల గుత్తిలా ముడుచుకుపోతాయి తప్ప కాండమై సాగవు. ఒక రకానికి కుదిరిన పాళ్లు మరో రకానికి కుదరవు. గుంటూరు, ఖమ్మం రైతులు నేటికీ మిరప నారు పోసేది విత్తనంతోనే.