తెల్ల చీర కొంగు

హుస్సేనీ ఆలంలో ముసుగు గురించి ఎవరూ ఎవరికీ వివరించనక్కర్లేదు. మొహర్రం ఆలం పేరు మోస్తున్న ఈ పేటలో ఆడపిల్లల కాలేజీకి పాఠం చెప్పడానికి వెళ్ళేటప్పుడు, నల్ల బురఖాల మధ్య నా కాటన్ చీర ఒక్కటే వేరుగా కనిపిస్తుంది. ఆదివారాలు మాత్రం నేనూ తెల్ల చీర కట్టి, తల మీద కొంగు వేసుకుని ఆరాధనకు వెళతాను. అలా చూసిన ఒక విద్యార్థిని "ఆప్ భీ ఓఢ్‌తే క్యా మేడమ్?" అంది. అవునన్నాను. ఆ పిల్లకి అంతకుమించి అక్కర్లేకపోయింది. నాకే అక్కడితో ఆగలేదు.

2022లో కర్ణాటకలో హిజాబ్‌తో వచ్చిన అమ్మాయిల్ని కాలేజీ గేట్ల దగ్గర ఆపినప్పుడు మనం చాలా రాశాం, చాలా వాదించుకున్నాం. ఆ చర్చలో ఎక్కడా క్రైస్తవ స్త్రీల కొంగు ప్రస్తావన రాలేదు. తలమీది కొంగు హిందూ ఇళ్ళలోనూ ఉంది కాబట్టి ఎవరి కంటికీ అడ్డు రాదు. మా సహవాసాల్లో దాని వెనక కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం ఉందనీ, బొట్టు, పూలు, నగలు తీసేయడం కూడా దానితోపాటే వస్తుందనీ బయటివాళ్ళకి తెలియదు.

తెలుగునాట ఈ వేషం ఇంతగా పాతుకోవడానికి ఒక పంజాబీ కారణం. బక్త్ సింగ్ 1903లో సిక్కు కుటుంబంలో పుట్టాడు. ఇంజనీరింగ్ చదువుకోసం ఇంగ్లండుకీ, కెనడాకీ వెళ్ళి, కెనడాలో క్రైస్తవుడై, 1933లో తిరిగొచ్చాడు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా, 1950లో హైదరాబాదులో హెబ్రోను మొదలయ్యాయి. 2000 సెప్టెంబరులో హైదరాబాదులోనే చనిపోయాడు. మిషన్ జీతాలు లేవు, బెంచీలు లేవు. చెప్పులు బయట విడిచి చాపలమీద కూర్చోవాలి, మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ఏటా పరిశుద్ధ సభాకూటాలకి వేలమంది వచ్చి పందిళ్ళలో ఉండి, ఒకే వంట తినేవారు. ఆరాధన తర్వాత ప్రేమవిందు. కులం అడక్కుండా పక్కపక్కన కూర్చుని తినడం మన ఊళ్ళలో చిన్న విషయం కాదు.

దొరల చర్చిని దేశీయం చేశాడని ఆయన్ని మెచ్చుకుంటారు. నిజమే. అయితే ఆ దేశీయత ఎవరి ఒంటిమీద కనిపించాలి అంటే, ఎక్కువగా ఆడవాళ్ళ ఒంటిమీదే. జాతీయోద్యమం ఆడవాళ్ళకి అప్పజెప్పిన తెల్లదనమూ, పౌలు చెప్పిన ముసుగూ ఇక్కడ కలిసిపోయాయనిపిస్తుంది నాకు. అణచివేత అని ఒక్క మాటలో తేల్చేద్దామంటే మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు. "తల కప్పుకుని బైబిలు చేతబట్టుకుంటే ఊళ్ళోవాళ్ళు ఒసే అనడం మానేశారే" అనేది. ఒంగోలు పక్క మాదిగపల్లెలో పుట్టి, పైట సర్దుకోడానికి కూడా తీరిక లేకుండా పరాయి పొలాల్లో బతికినామె. ఆమెకి ఆ కొంగు మర్యాద.

కానీ ఆ పల్లెల్లో ఆడవాళ్ళ నోటికి ఇంకా పాత చరిత్ర ఉంది. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద తెల్లవారుజామున ప్రార్థన చేసినవాళ్ళు అయిదుగురు. జ్యూయెట్ దంపతులు, నర్సు అనే క్రైస్తవుడు, జూలియా, రూతు. అంటే ముగ్గురు స్త్రీలు. ఆ కొండని తలుచుకున్నప్పుడల్లా జ్యూయెట్ పేరే వినిపిస్తుంది. తర్వాత 1876-78 కరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని పని పెట్టాడు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేసి, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇప్పించాడు. ఈ అంకెని ప్రతి సంఘచరిత్రా చెబుతుంది. ఇళ్ళలోకి వెళ్ళి చదివి వినిపించిన బైబిలు స్త్రీల లెక్క మాత్రం అరుదుగా చెబుతుంది.

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ గురించి మనం ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాలి. ఒంగోలు మిషన్‌లో పనిచేసిన ఈమె బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసింది. విషయం మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్! ఆ పుస్తకం 1898లో వచ్చింది. మరుసటేడు మాదిగల కథలతో 'వైల్ సూయింగ్ శాండల్స్' వచ్చింది. స్త్రీల హక్కుల మీద పరిశోధన చేసిన మనిషే మాతంగి గురించి రాసింది. దేవత పూనిన మాదిగ స్త్రీ పెద్ద కులాలవాళ్ళని తిడుతూ, వాళ్ళమీద ఉమ్మేస్తూ తిరుగుతుంటే వాళ్ళు తలవంచి భరించేవారు. మాతంగిగా, జోగినిగా ఆడపిల్లని విడవడంలో ఉన్న దోపిడీ నాకు తెలుసు. 1988లో చట్టం వచ్చి దాన్ని నిషేధించింది, మంచిదే. అయినా ఆ తిట్టే నోరు ఏమైపోయిందని అడగకుండా ఉండలేను. మతం మారాక అది బైబిలు స్త్రీ నోరైంది. మిషన్లు పోయి స్వతంత్ర సహవాసాలు వచ్చాక, పెద్దలంటే మగవాళ్ళే అయ్యాక, మా సంఘంలో సోదరీలు స్తుతించవచ్చు, వాక్యం చెప్పకూడదు. దక్షిణ ఇండియా సంఘం 2013లో నంద్యాలకి పుష్పలలితని బిషప్పుగా చేసింది. ఆ వార్త మా సహవాసంలో ఎవరూ ప్రస్తావించలేదు. తెరలూ, కెమెరాలూ ఉన్న పెద్ద చర్చిల్లో పాస్టరమ్మలు మైకు పట్టుకుంటున్నారు, కానీ చాలాచోట్ల ఆ మైకు పెళ్ళితో వస్తుంది.

కులం మాట కూడా చెప్పాలి. అందరం సోదరీలమే కాబట్టి దళిత అనే పదం సభలో పలకం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన మాదిగ, మాల స్త్రీలు ఎస్సీలు కారు, బీసీ-సి. అందుకే ఎందరో ఆడవాళ్ళకి రెండు పేర్లు, ఆఫీసుకి బొట్టు, ఆదివారం ఖాళీ నొసలు. లూకా 15లోని ఉపమానాన్ని తప్పిపోయిన కూతురి కథగా మార్చి వినోదిని రాసింది ఈ రెండు నొసళ్ళ మధ్య నలిగే పిల్ల గురించే అని నేను చదువుకున్నాను. మనకి ఇలాంటి కథలు చాలవు.

మా మేనత్త ఏడో తరగతి వరకే చదివింది. గురువారం మధ్యాహ్నం సోదరీల కూడికలో వాక్యం చెబుతుంది. అక్కడ మగవాళ్ళు ఉండరు, మైకూ ఉండదు. ఆమె నోట్సు పుస్తకాలు అడిగితే నాలుగిచ్చింది. ఒకదాంట్లో సంఖ్యాకాండం 12వ అధ్యాయం మీద పెన్సిలుతో రాసుకుంది: మోషేని తప్పుబట్టింది మిర్యామూ అహరోనూ ఇద్దరూ కదా, కుష్ఠు ఒక్క మిర్యాముకే ఎందుకు? దాని కింద జవాబు రాయలేదు. గీత గీసి ఇంకో వాక్యం రాసింది. ఏడు రోజులు ఆమెని పాళెం బయట ఉంచారు, ఆమె తిరిగొచ్చేదాకా జనం ముందుకు కదల్లేదు.