కౌబాయ్‌కి అసలు కాపీ ఎవరిది?

'మోసగాళ్ళకు మోసగాడు' మాటెత్తితే చాలు, మా గుండుగొలనులో ఎవరో ఒకరు "అదంతా ఇటలీ కాపీయే కదండీ" అని తేల్చేస్తారు. నిజమే, సెర్జియో లియోనె 1966లో తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' ఛాయలు అందులో బాగానే కనిపిస్తాయి. మరి ఆ లియోనె ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడు?

కాస్త వెనక్కి వెళ్దాం. 1903లో ఎడ్విన్ పోర్టర్ 'ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ' అనే మూకీ తీశాడు. పట్టుమని 12 నిమిషాలు. అందులో ఓ దొంగ తిన్నగా ప్రేక్షకుల మీదకే తుపాకి పేలుస్తాడు. ఆ ముక్క మొదట్లో వేసుకుంటారో చివర్లో వేసుకుంటారో హాలువాళ్ళ ఇష్టం! తమాషా ఏంటంటే, పశ్చిమాన జరిగే ఈ కథని తీసింది తూర్పున ఉన్న న్యూజెర్సీలో. అందులో చిన్న చిన్న వేషాలు వేసిన ఆండర్సన్‌కి గుర్రపు స్వారీ సరిగ్గా రాదు. ఆయనే తర్వాత 'బ్రాంకో బిల్లీ'గా తొలి కౌబాయ్ స్టారయ్యాడు.

ఆ తర్వాత ఇద్దరొచ్చారు. విలియం హార్ట్ నాటకాల మనిషి. దుమ్ము కొట్టుకున్న బట్టలు, నవ్వని మొహం. టామ్ మిక్స్ దానికి పూర్తిగా రివర్సు. పెద్ద టోపీ, తళుకుల చొక్కా, టోనీ అనే గుర్రం, ఒళ్ళు గగుర్పొడిచే ఫీట్లు. మాటల్లేవు కాబట్టి హీరో ఎవరో టోపీ, నడక, గుర్రమే చెప్పాలి. మన దేశంలో హాల్లో ఒకాయన నిలబడి తెర మీది అక్షరాలు జనం భాషలో చదివి చెప్పేవాడు. ఇంక ఇంగ్లీషుతో పనేముంది?

లియోనె తండ్రి కూడా 1913లో ఇటలీలో ఓ మూకీ వెస్టర్న్ తీశాడు, తల్లి అందులో నటించింది! అంటే మన భాషలో చెప్పాలంటే ఫోర్క్ మీద ఫోర్క్. 1971లో కె.ఎస్.ఆర్.దాస్, ఆరుద్ర, కృష్ణ కలిసి ఆ టోపీని రాజస్థాన్ ఇసుకలోకి తీసుకెళ్ళారు. 'షోలే' రావడానికి ఇంకా నాలుగేళ్ళుంది.

అయితే ఆ సోర్సులోనే ఓ పెద్ద బగ్ ఉంది. అసలు కౌబాయ్‌లలో నల్లవాళ్ళు, మెక్సికన్లు చాలామంది ఉండేవారు. తెర మీద వాళ్ళు మాయమై తెల్ల హీరో మిగిలాడు. ఆ నేల సొంతదారులేమో 'రెడ్ ఇండియన్' విలన్లయ్యారు. మనమూ ఈలలేశాం.

ఇప్పుడు సరిచూద్దామన్నా బ్యాకప్ లేదు. 1937లో న్యూజెర్సీలో ఫాక్స్ వాళ్ళ గోడౌన్ తగలబడి మిక్స్ సినిమాలు ఎన్నో బూడిదయ్యాయి. అమెరికా మూకీ ఫీచర్ సినిమాల్లో మొదట విడుదలైన రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్కతేల్చింది. మన 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) ప్రింటూ లేదు. కృష్ణ సినిమా అదృష్టం బాగుండి 2023లో 4కేలో మళ్ళీ హాళ్ళకొచ్చింది.

కాపీయా కాదా అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. వాదించుకోవడానికైనా రీళ్ళు మిగలాలి కదా!