ఎలక్ట్రానిక్ సంతకం (భారత చట్టం)

భారతదేశంలో ఎలక్ట్రానిక్ పత్రంపై చేసే సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది సమాచార సాంకేతిక చట్టం, 2000. అది 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. తెలుగులో సంతకానికి చేవ్రాలు అని పేరు; ఈ చట్టం గుర్తించే సంతకంలో చేతిరాతకు చోటే లేదు.

మూడో సెక్షన్ చెప్పే డిజిటల్ సంతకం ఒక గణిత ప్రక్రియ. పత్రం మొత్తం నుంచి హ్యాష్ అనే చిన్న విలువను రాబట్టి, సంతకందారు తన ప్రైవేట్ కీతో దానికి ముద్ర వేస్తారు. జోడీగా ఉండే పబ్లిక్ కీతో ఎవరైనా దాన్ని సరిచూడవచ్చు. ఆ తర్వాత పత్రంలో ఒక్క అంకె మారినా లెక్క కుదరదు. కాగితం మీది సంతకానికి ఇంతటి రక్షణ లేదు. సంతకాన్ని ఫొటో తీసి అతికిస్తే అది డిజిటల్ సంతకం కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఒక పబ్లిక్ కీ ఫలానా వ్యక్తిదేనని ధ్రువీకరించే సంస్థలకు కేంద్ర ప్రభుత్వం నియమించిన కంట్రోలర్ లైసెన్సు ఇస్తారు.

2008 సవరణ ‘ఎలక్ట్రానిక్ సంతకం’ అనే విస్తృత పదాన్ని తెచ్చింది. 2015 నుంచి ఆధార్ ధ్రువీకరణతో, ఫోన్‌కు వచ్చే ఓటీపీతో ఈ-సంతకం చేసే వీలు కలిగింది. ప్రైవేట్ కీని భద్రపరిచే టోకెన్ అనే పరికరాన్ని విడిగా కొనలేనివారికి ఇది నిజమైన మేలు. అయితే ఇక్కడ ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టే అధికారాన్ని ఎదుటివారి చేతికివ్వడమే.

వీలునామాకు, ట్రస్టు పత్రాలకు ఈ చట్టం వర్తించదు. స్థిరాస్తి అమ్మకపు ఒప్పందాలపై ఉన్న మినహాయింపును 2022లో తొలగించారు. రిజిస్ట్రేషన్ నియమాలు మాత్రం అలాగే ఉన్నాయి.