సవాయి నుంచి సురక్ష దాకా: పల్నాటి వలస శ్రమ, సుఖవ్యాధుల చరిత్ర – ఒక పరిశీలన

ప్రవేశిక

పిడుగురాళ్ల పేరు చెప్పగానే సున్నపు బట్టీలు స్ఫురిస్తాయి. పల్నాటి నేల కింద పరచుకొన్న సున్నపురాయి, దానిపై ఆధారపడిన బట్టీలు, చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు, అద్దంకి–నార్కట్‌పల్లి రహదారిపై సాగే లారీలు ఈ పట్టణాన్ని పని వెతుక్కుంటూ వచ్చేవారి కూడలిగా మార్చాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత పల్నాటి మెట్టపొలాల్లో పత్తి, మిరప విస్తరించాయి. పత్తితీత, మిరపకోతల కాలంలో కర్నూలు జిల్లా పడమటి ప్రాంతం నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు గ్రామాలకు తరలివస్తాయి.

ఇటువంటి ప్రాంతంలో సుఖవ్యాధుల ప్రసక్తి వచ్చినప్పుడు వేలు మొదట వలసకూలీ వైపే చూపుతుంది. ఈ అలవాటుకు ఒక చరిత్ర ఉంది. వ్యాధిని ఎవరి దేహంలో వెతకాలన్న నిర్ణయం ఏ కాలంలో, ఏ మాటలతో జరిగిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్లలో దాగిన చరిత్ర

సిఫిలిస్‌ను సంస్కృత వైద్యగ్రంథాల్లో స్పష్టంగా గుర్తించినది 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు. తన ‘భావప్రకాశం’లో ఆయన దీనిని ‘ఫిరంగ రోగం’ అన్నాడు. ఫిరంగులంటే సముద్రం దాటి వచ్చిన ఐరోపావారు. దీనికి మందుగా వాడిన చోపచీనీ దుంపకు తెలుగులో పరంగిచెక్క అన్న పేరు నిలిచింది. ఐరోపాలోనూ జరిగింది ఇదే: ఇటలీవారు దానిని ఫ్రెంచి వ్యాధి అన్నారు, ఫ్రెంచివారు నేపుల్స్ వ్యాధి అన్నారు. వ్యాధికి పరాయివాడి పేరు పెట్టడం ఏ ఒక్క జాతి లక్షణమూ కాదు.

తెలుగు జనవ్యవహారంలోని సెగ, కొరుకు, సవాయి అన్న పేర్లు వేరే కోవకు చెందుతాయి. ‘సెగ’ మూత్రంలో మంటను చెబుతుంది, ‘కొరుకు’ పుండు తినివేయడాన్ని చెబుతుంది. రోగి అనుభవించే బాధే ఇక్కడ పేరయింది తప్ప రోగి శీలం కాదు. ‘సుఖవ్యాధి’ అన్న సమాసం ఈ దృష్టిని మార్చివేసింది. ఆంగ్లంలో వీనస్ దేవత పేరు మీదుగా ఏర్పడిన ‘వెనీరియల్’ అన్న విశేషణంలాగే ఇదీ కారణాన్ని సుఖంలో చూపింది. సుఖపడినవాడు అనుభవించవలసిన ఫలంగా వ్యాధిని నిలబెట్టింది. భర్త వలసపోయి తిరిగివచ్చాక వ్యాధి సోకిన ఇల్లాలికి ఈ పదం ఎంతమాత్రం వర్తించదు. అయినా ఆమె రోగానికీ వాడుకలో అదే పేరు.

చట్టం ఎవరిని పరీక్షించింది?

వలస పాలనలో ఈ చూపు చట్టరూపం ధరించింది. దండు ప్రదేశాల్లో సైనికుల ఆరోగ్యరక్షణ పేరుతో 1864 నాటి కంటోన్మెంట్ల చట్టం, ఆ తరువాత 1868 నాటి భారత అంటువ్యాధుల చట్టం వేశ్యావృత్తిలోని స్త్రీల నమోదును, నిర్బంధ వైద్యపరీక్షను విధించాయి. వ్యాధి ఉన్నట్టు తేలినవారిని ‘లాక్ హాస్పిటల్’లో ఉంచేవారు. ఇల్లు విడిచి వేల మైళ్లు వచ్చిన వలసజీవి నిజానికి ఆ సైనికుడే. అయినా చట్టం అతనిని రక్షింపవలసినవాడిగా, ఆమెను అనుమానింపవలసినదిగా విభజించింది. 1868 చట్టం 1888లో రద్దయింది. ఆ విభజన మాత్రం భాషలో మిగిలిపోయింది.

‘వారధి’గా మారిన కూలీ

1986లో మద్రాసులో హెచ్.ఐ.వి. బయటపడ్డాక, 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడ్డాక అనుమానం కొత్త పరిభాషను వెతుక్కొంది. 2007లో మొదలైన మూడవ దశ జాతీయ కార్యక్రమం లారీ డ్రైవర్లను, వలస కార్మికులను ‘వారధి జనాభా’గా వర్గీకరించింది. అధిక ప్రమాదం ఉన్న సమూహాలనుంచి సాధారణ జనాభాకు వ్యాధి వీరి ద్వారా చేరుతుందన్నది అందులోని భావన. రోగవ్యాప్తి శాస్త్రదృష్టిలో ఈ వర్గీకరణకు ప్రయోజనం ఉంది. పరీక్షలు, తొడుగులు, ఉచిత చికిత్స శ్రామికులకు అందడానికి అది దారి చూపింది. అయితే వారధి అంటే ఇతరులు దాటిపోవడానికి ఉపయోగపడేది. ఆ రూపకంలో కూలీకి సోకే వ్యాధి కంటే అతని నుంచి సోకే వ్యాధికే ప్రాధాన్యం దక్కింది.

రెండవ చిక్కు మరింత మౌలికమైనది. ఈ ప్రణాళికల ఊహలో వలసజీవి ఒంటరి పురుషుడు. మిరపకోతలో చేతులు ఎక్కువగా స్త్రీలవి. వలస కుటుంబంతో సహా సాగుతుంది. ‘సురక్ష’ క్లినిక్కులు లక్షణాలనుబట్టి చికిత్స చేస్తాయి: పురుషుని మూత్రనాళ స్రావానికి బూడిదరంగు పొట్లం, స్త్రీ యోని స్రావానికి ఆకుపచ్చ పొట్లం, పుండుకు తెల్ల పొట్లం. ప్రయోగశాల లేని చోట ఇది గొప్ప సౌకర్యమే. కాని గనేరియా, క్లమిడియా సోకిన స్త్రీలలో చాలామందికి లక్షణాలే కనిపించవు. కనిపించినా వారు దానిని ‘తెల్లబట్ట’ అంటారు. సంక్రమణకు సంబంధంలేని స్రావాలు కూడా ఆ మాటలోనే ఇమిడి ఉంటాయి. అందువల్ల ‘సుఖవ్యాధి ఉందా?’ అని అడిగితే లేదని చెప్పే స్త్రీ, ‘తెల్లబట్ట అవుతోందా?’ అని అడిగితే అవునని చెప్పగలదు. వైద్యం అందడమా అందకపోవడమా అన్నది ఇక్కడ ఒక పదం మీద ఆధారపడింది.

చట్టపరమైన రక్షణలోనూ ఇటువంటి ఖాళీలే ఉన్నాయి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం రాష్ట్ర సరిహద్దు దాటినవారికే వర్తించింది. కర్నూలు నుంచి పల్నాడు వచ్చిన కూలీ ఎంత దూరం నడిచినా ఆ చట్టం దృష్టిలో వలసకూలీ కాలేకపోయాడు. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం సమ్మతిలేని పరీక్షను, వివక్షను నిషేధించింది. 1868 నుంచి చూస్తే ఇది గొప్ప మలుపు. కాని అది హెచ్.ఐ.వి.కే పరిమితం, సిఫిలిస్, గనేరియా రోగుల గోప్యతకు ఆ చట్టం నీడ లేదు.

ముగింపు

ఫిరంగి, వేశ్య, వారధి – నాలుగు శతాబ్దాలకు పైబడిన ఈ చరిత్రలో నింద మోసినవారు మారారు, నింద మాత్రం మారలేదు. మేస్త్రి ఇచ్చే బయానా, పొలంగట్టు గుడారం, మరుగులేని స్నానం, ఒక్కరోజు పని మానితే పోయే కూలి, ఆసుపత్రికి వెళ్లే తీరిక లేకపోవడం వంటివి వ్యాధి ముదరడానికి కారణాలే అయినా వాటికి పరిభాషలో చోటు దక్కలేదు. ‘సుఖవ్యాధి’ స్థానంలో ‘లైంగిక సంక్రమణ’ అన్న మాటను స్థిరపరచడం, తెల్లబట్ట, సెగ వంటి జనవ్యవహార పదాలను ప్రాంతాలవారీగా సేకరించి ఆరోగ్య కార్యకర్తలకు అందించడం తెలుగు పరిశోధకులు చేయగలిగిన పని. రోగి తన బాధను తన మాటలో చెప్పుకొనే వీలు కల్పించడం భాషాశాస్త్ర విషయమే కాక చికిత్సకు తొలిమెట్టు కూడా.