మౌస్: చరిత్ర, పనితీరు

మౌస్ అనేది చేతి కదలికను కంప్యూటర్‌కు అందించే ఇన్‌పుట్ పరికరం. బల్ల మీద దీన్ని జరిపితే తెర మీద కర్సర్ జరుగుతుంది. కర్సర్ తెర మీద ఎక్కడున్నదీ మౌస్‌కు తెలియదు. తాను అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత జరిగిందో అంకెల్లో పంపడమే దాని పని. ఆ అంకెలను కర్సర్ స్థానానికి కలిపేది ఆపరేటింగ్ సిస్టమ్. అందుకే మౌస్‌ను పైకెత్తి మరోచోట పెడితే కర్సర్ ఉన్నచోటే ఉండిపోతుంది. కదలికను కొలిచే సాధనం మాత్రం చక్రాల నుంచి బంతికి, బంతి నుంచి కాంతికి మారుతూ వచ్చింది.

ఆవిర్భావం

మౌస్ కన్నా ముందే ట్రాక్‌బాల్ ఉంది. 1952లో కెనడా నౌకాదళం కోసం తయారైన డేటార్ వ్యవస్థలో ఇందుకు బౌలింగ్ ఆట బంతిని వాడారు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మరో దారి పట్టారు. పటాల మీద వైశాల్యాన్ని కొలిచే ప్లానిమీటర్ చక్రాల నుంచి ఆయనకు ఆలోచన తట్టింది. 1964లో సహచరుడు బిల్ ఇంగ్లిష్ దానికి రూపమిచ్చారు. అది చెక్క దిమ్మ, ఒకే బటన్, అడుగున ఒకదానికొకటి లంబంగా రెండు లోహపు చక్రాలు. ఒక చక్రం అడ్డం కదలికను, మరొకటి నిలువు కదలికను కొలిచేవి. వెనుక తోకలా వేలాడే తీగ వల్ల ప్రయోగశాలలో దాన్ని ఎలుక అన్నారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఎంగెల్‌బార్ట్ బృందంలో ఎవరికీ గుర్తులేదు.

1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సదస్సులో ఎంగెల్‌బార్ట్ సుమారు 90 నిమిషాల పాటు మౌస్‌ను వాడి చూపారు. అదే ఏడాది జర్మనీలో టెలిఫంకెన్ సంస్థ బంతితో నడిచే రోల్‌కూగెల్‌ను విడిగా రూపొందించింది. 1970 నవంబర్ 17న ఎంగెల్‌బార్ట్ ఆవిష్కరణకు అమెరికా పేటెంట్ లభించింది.

బంతి మౌస్

జిరాక్స్ పరిశోధన కేంద్రానికి మారిన బిల్ ఇంగ్లిష్ 1972లో చక్రాల స్థానంలో బంతిని పెట్టారు. బంతి దొర్లినప్పుడు దానికి ఆనుకున్న రెండు రోలర్లు తిరిగేవి. తర్వాతి నమూనాల్లో రోలర్ చివర చీలికలున్న బిళ్ల ఉండేది. దాని గుండా పడే పరారుణ కాంతి ఎన్నిసార్లు తెగిందో లెక్కిస్తే దూరం తెలిసేది. పక్కపక్కనే ఉన్న రెండు గ్రాహకాల్లో ఏది ముందు స్పందించిందో చూస్తే దిశ తెలిసేది. 1973 నాటి జిరాక్స్ ఆల్టో, 1981 నాటి జిరాక్స్ స్టార్ మౌస్‌తో వచ్చాయి. 1983లో ఆపిల్ లీసా, 1984లో మెకింటాష్ దీన్ని సామాన్యుడి బల్ల మీదికి తెచ్చాయి. 1996లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్‌తో స్క్రోల్ చక్రానికి ప్రాచుర్యం వచ్చింది. బంతికి అంటిన దుమ్ము రోలర్ల మీద పేరుకుని కర్సర్ మొరాయించేది. మూత తిప్పి బంతిని బయటికి తీసి, రోలర్ల మీది మడ్డిని గోటితో గీకడం ఆనాటి కంప్యూటర్ గదుల్లో మామూలే.

కాంతి మౌస్

1980 ప్రాంతంలో స్టీవ్ కిర్ష్, రిచర్డ్ లయన్ వేర్వేరుగా కాంతి మౌస్‌లను తయారుచేశారు. అవి ప్రత్యేక నమూనా ముద్రించిన పలక మీదే పనిచేసేవి. 1999లో వచ్చిన ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్‌కు అలాంటి పలక అవసరం లేకపోయింది. అడుగున ఉన్న ఎల్‌ఈడీ బల్ల మీద వెలుగు వేస్తే, చిన్న కెమెరా సెకనుకు 1,500 చిత్రాలు తీసేది. వరుస చిత్రాల్లో బల్ల మీది గరుకుదనం ఎటు, ఎంత జరిగిందో పోల్చి లోపలి చిప్ కదలికను లెక్కగట్టేది. గాజు, అద్దం వంటి మరీ నున్నని ఉపరితలాల మీద పోల్చడానికి గుర్తులు దొరకవు కనుక సాధారణ కాంతి మౌస్ తడబడుతుంది.

గుర్తింపు

పేటెంట్ ఉద్యోగం ఇచ్చిన సంస్థ పేరిట ఉండడంతో ఎంగెల్‌బార్ట్‌కు రాయల్టీ దక్కలేదు. మౌస్ ఇంటింటికీ చేరక ముందే, 1987లో దాని గడువు తీరిపోయింది. 1997లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు లభించింది. 2013 జులై 2న, 88 ఏళ్ల వయసులో ఆయన మరణించారు.