ఫుట్‌బాల్‌లో వ్యక్తిగత నైపుణ్య శిక్షణ

ఫుట్‌బాల్‌లో వ్యక్తిగత నైపుణ్య శిక్షణ అనగా ప్రతి ఆటగాడూ బంతిని స్వయంగా అదుపు చేయడం, ప్రత్యర్థిని తప్పించుకొని ముందుకు పోవడం, రెండు కాళ్ళతోనూ పాస్ ఇవ్వడం, గోల్‌కు గురిచూసి కొట్టడం నేర్చుకునేలా సాధన తరగతులను ముందుగా ప్రణాళిక వేసుకొని నడపడం. జట్టు వ్యూహాలు దీని తరువాతి మెట్టు. బంతి అదుపులో లేని ఆటగాడికి ఎంత మంచి వ్యూహం చెప్పినా అది మైదానంలో అమలు కాదు. తెలుగునాట ఈ తరహా శిక్షణకు పేరుపొందినవాడు హైదరాబాదుకు చెందిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన పద్ధతి ఖరీదైన సామగ్రిపై గాక, ఆట నియమాలలో చేసే చిన్న మార్పులపై ఆధారపడినది. అందువలన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప మైదానాలలో ఉన్న గ్రామీణ పాఠశాలలకు కూడా ఇది అనువుగా ఉంటుంది.

ఆవశ్యకత

పాఠశాలల్లో సాధారణంగా ఒకే బంతితో రెండు జట్లు ఆడతాయి, లేదా పిల్లలందరూ వరుసలో నిలబడి ఒకరి తరువాత ఒకరు బంతిని తన్నుతారు. 20 మంది పిల్లలు ఒకే వరుసలో ఒకే బంతితో 60 నిమిషాలు సాధన చేస్తే ఒక్కొక్కరి వంతుకు వచ్చేది 3 నిమిషాలు మాత్రమే. మిగిలిన 57 నిమిషాలు నిరీక్షణే. అదే 20 మందిని నలుగురేసి చొప్పున 5 జట్లుగా విడదీసి, జట్టుకొక బంతి ఇస్తే ఒక్కొక్కరికి 15 నిమిషాలు లభిస్తాయి. సమయం, మైదానం, పిల్లలు అవే అయినా సాధన అయిదు రెట్లు పెరుగుతుంది.

బంతి చాలా తక్కువగా అందే ఆటలో ఇప్పటికే బాగా ఆడేవారికే అది మళ్ళీ మళ్ళీ చేరుతుంది. వెనుకబడినవారు ఇంకా వెనుకబడతారు. కావున ప్రతి ఒక్కరి కాలికీ బంతి వీలైనన్నిసార్లు తగిలేలా చూడటమే తరగతి ప్రణాళికలో మొదటి సూత్రం.

చరిత్ర

సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909–1963) హైదరాబాదులో జన్మించాడు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా పనిచేశాడు. 1950 నుండి మరణించే వరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్‌ను గెలుచుకుంది.

భారత జట్టు శిక్షకుడిగా ఆయన 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను జరిగిన ఆసియా క్రీడలలో బంగారు పతకాలు సాధించి పెట్టాడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగవ స్థానం పొందింది. అంతకు ముందు 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, పలువురు ఆటగాళ్ళు బూట్లు లేకుండా ఆడిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయింది. నాలుగేళ్ళ తరువాత మెల్బోర్న్ సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియాతో తలపడి 4–1తో ఓడింది. ఓటమి ఓటమే అయినా రెండు ఆటల మధ్య వచ్చిన మార్పు గమనించదగినది. సికింద్రాబాదులో పుట్టిన తులసీదాస్ బలరాం (1936–2023) ఆ కాలపు మేటి ఆటగాళ్ళలో ఒకడు.

స్థానిక స్థాయిలో రహీమ్ రెండు రకాల ప్రత్యేక పోటీలు నిర్వహించాడు.

* డ్రిబ్లింగ్ లేని పోటీలు: వీటిలో ఆటగాడు బంతిని కాలి వద్దే ఉంచుకొని పరుగెత్తడం నిషిద్ధం. బంతి అందిన వెంటనే తోటివారికి అందించాలి. కావున బంతి రాకముందే చుట్టూ చూసి నిర్ణయం తీసుకోవడం అలవాటవుతుంది.
* బలహీనమైన కాలి పోటీలు: వీటిలో ఆటగాడు తనకు వాటం లేని కాలితోనే బంతిని ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం ఉన్నవారు కుడికాలితోను ఆడాలి.

ఈ రెండింటిలోనూ కొత్త సామగ్రి ఏదీ లేదు. ఉన్నది ఒక్క నియమం మాత్రమే. శిక్షకుడు పదేపదే హెచ్చరించవలసిన విషయాన్ని ఆ నియమమే ఆటగాడి చేత చేయిస్తుంది.

ఇతర దేశాలలోనూ ఇటువంటి ఆలోచనలు వచ్చాయి. 1930లో ఉరుగ్వేలో హువాన్ కార్లోస్ సెరియాని రూపొందించిన అయిదుగురి ఆట తరువాత ఫుట్‌సాల్‌గా ప్రసిద్ధి పొందింది. చిన్న స్థలం, తక్కువ మంది కావడం వలన ఇందులో ప్రతి ఒక్కరికీ బంతి తరచుగా అందుతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన వీల్ కూర్వర్ (1924–2011) గొప్ప ఆటగాళ్ళ కదలికలను పరిశీలించి, వాటిని చిన్నచిన్న భాగాలుగా విడదీసి పిల్లలకు నేర్పే పద్ధతిని తయారుచేశాడు. మన దేశంలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో చిన్న పిల్లల కోసం గోల్డెన్ బేబీ లీగ్‌లను ప్రారంభించింది.

తరగతి ప్రణాళిక

ఒక తరగతిలో ఒకే నైపుణ్యాన్ని ప్రధానాంశంగా తీసుకోవాలి. డ్రిబ్లింగ్, పాస్, షాట్, హెడింగ్ అన్నీ ఒకేనాడు నేర్పబోతే ఏదీ నిలవదు. 20 మంది పిల్లలు, 5 బంతులు ఉన్నప్పుడు "బలహీనమైన కాలితో పాస్" అనే అంశంపై 60 నిమిషాల నమూనా తరగతి ఈ విధంగా ఉంటుంది.

* మొదటి 10 నిమిషాలు – సన్నాహం: శరీరం వేడెక్కడానికి మైదానం చుట్టూ ఊరక పరుగెత్తించకుండా, నలుగురేసి బంతితోనే మెల్లగా పాస్‌లు ఇచ్చుకుంటూ కదులుతారు.
* తరువాతి 15 నిమిషాలు – ప్రత్యర్థి లేని సాధన: ఇద్దరిద్దరు ఎదురెదురుగా 6 నుండి 8 మీటర్ల దూరంలో నిలబడి బలహీనమైన కాలి లోపలి అంచుతో పాస్ ఇస్తారు. జట్టులో మిగిలిన ఇద్దరు వారి వెనుక నిలబడి వంతులు మారుతూ ఉంటారు. నిలబడిన కాలి మడమ, మోకాలు, చూపు ఎక్కడ ఉన్నాయో శిక్షకుడు గమనించి ఒక్కసారికి ఒక్క తప్పునే సరిదిద్దుతాడు.
* తరువాతి 10 నిమిషాలు – ప్రత్యర్థితో సాధన: సుమారు 10 మీటర్ల చతురస్రంలో ముగ్గురు పాస్‌లు ఇచ్చుకుంటుండగా నాలుగవవాడు బంతిని లాక్కోవడానికి ప్రయత్నిస్తాడు. బంతిని పోగొట్టుకున్నవాడు మధ్యలోకి వెళ్తాడు.
* తరువాతి 20 నిమిషాలు – చిన్న ఆట: నలుగురికి నలుగురు చొప్పున రెండు చిన్న మైదానాలలో ఆడతారు. అయిదవ జట్టు గోడకు బంతి కొట్టి సాధన చేస్తూ తన వంతు రాగానే ఆటలోకి వస్తుంది. బలహీనమైన కాలితో వేసిన గోల్‌ను రెండు గోల్‌లుగా లెక్కిస్తారు.
* చివరి 5 నిమిషాలు – ముగింపు: శరీరాన్ని నెమ్మదింపజేసి, ఆనాడు నేర్చుకున్నదేమిటో పిల్లల నోటనే చెప్పిస్తారు.

సాధన క్రమం తేలికైనదాని నుండి కష్టమైనదానికి సాగుతుంది. పిల్లలు పదేపదే విఫలమవుతుంటే స్థలాన్ని పెంచాలి, సులభంగా చేస్తుంటే తగ్గించాలి. స్థలం పెరిగితే ఆలోచించడానికి వ్యవధి దొరుకుతుంది, తగ్గితే ఒత్తిడి పెరుగుతుంది.

వయసును బట్టి మార్పులు

6 నుండి 9 ఏళ్ళ పిల్లలకు బంతితో చనువు ఏర్పడటమే లక్ష్యం. వీరికి 3వ సంఖ్య బంతి సరిపోతుంది. 10 నుండి 12 ఏళ్ళ వయసు కొత్త కదలికలను చురుకుగా నేర్చుకునే కాలం. వీరు 4వ సంఖ్య బంతితో రెండు కాళ్ళ వాడకం, బంతిని ఆపడం, మలుపులు సాధన చేయాలి. ఆపై వయసువారు 68 నుండి 70 సెంటీమీటర్ల చుట్టుకొలత గల 5వ సంఖ్య బంతితో, ప్రత్యర్థి ఒత్తిడి నడుమ అవే నైపుణ్యాలను వేగంగా చేయడం నేర్చుకోవాలి. చిన్న పిల్లల చేత తలతో బంతిని కొట్టించడం మంచిది కాదు. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 10 ఏళ్ళు, ఆలోపు పిల్లలకు హెడింగ్‌ను నిషేధిస్తున్నట్లు 2015లో ప్రకటించింది.

గుంటూరు, ప్రకాశం మైదానాలలో అమలు

నల్లరేగడి నేలలు, పత్తి, మిరప పంటలు ఈ ప్రాంతపు ముఖ్య లక్షణాలు. ప్రణాళిక కూడా ఈ పరిస్థితులకు తగినట్లుగా ఉండాలి.

నల్లరేగడి వర్షాకాలంలో జిగురుగా కాళ్ళకు అంటుకుంటుంది. వేసవిలో గట్టిపడి నెర్రెలు విచ్చుతుంది. నెర్రెలలో కాలు పడితే చీలమండ బెణుకుతుంది. పత్తి తీసివేసిన పొలాలలో మోళ్ళు మిగిలి ఉంటాయి గనుక అక్కడ వట్టి కాళ్ళతో ఆడటం ప్రమాదకరం. పెద్ద మైదానమంతా బాగుచేయలేని చోట ఎర్రమట్టి లేదా ఇసుక పోసి చదును చేసిన చిన్న స్థలమే నైపుణ్య సాధనకు చాలు. గట్టి నేలపై బంతి ఎక్కువగా ఎగురుతుంది కాబట్టి అనుమతించిన గాలి ఒత్తిడిలో (0.6 నుండి 1.1 వాతావరణాలు) కనిష్ఠ స్థాయికి దగ్గరగా గాలి నింపడం మేలు. కోన్లకు బదులు చెప్పులను, నీటి సీసాలను గుర్తులుగా వాడవచ్చు. ఇటుకలు, రాళ్ళు వాడితే దెబ్బలు తగులుతాయి.

రెంటచింతల వంటి చోట్ల వేసవి ఎండలు రాష్ట్రంలోనే తీవ్రంగా ఉంటాయి. వేసవి శిబిరాలను ఉదయం పెందలాడే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. ప్రతి 15 నిమిషాలకు నీరు తాగించాలి. జనవరి నుండి ఏప్రిల్ వరకు మిరపకాయలు ఆరబోసే కల్లాల సమీపంలో ఘాటు వలన దగ్గు, కళ్ళమంట కలుగుతాయి. గాలివాటం చూసుకొని సాధన స్థలాన్ని ఎంచుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద సమస్య హాజరు. పత్తి తీతలు, మిరప కోతల రోజులలో కొందరు పిల్లలు తల్లిదండ్రుల వెంట పొలానికి పోతారు. కర్నూలు ప్రాంతం నుండి కోతలకు వలస వచ్చే కూలీ కుటుంబాల పిల్లలు కొద్ది నెలలే ఇక్కడ ఉంటారు. నిన్నటి పాఠంపై నేటి పాఠం ఆధారపడే ప్రణాళికలో ఇటువంటి పిల్లలు మొదటి వారంలోనే వెనుకబడి, క్రమంగా రావడం మానుకుంటారు. కావున ప్రతి తరగతీ దానికదే పూర్తి అయ్యేలా ఉండాలి. నిన్న రాని పిల్లవాడు కూడా నేడు మొదటి నిమిషం నుండే ఆడగలగాలి. గోడకు బంతి కొట్టి ఆపడం వంటి, ఒంటరిగా చేసుకోగల అభ్యాసాలను ఇంటిపనిగా ఇవ్వాలి. బాలికలు చీకటి పడకముందే ఇల్లు చేరేలా వేళలు నిర్ణయిస్తే వారి హాజరు నిలకడగా ఉంటుంది.

ప్రగతిని కొలవడం

నాలుగు వారాలకొకసారి సులభమైన పరీక్షలు పెట్టవచ్చు. 30 సెకన్లలో గోడకు బలహీనమైన కాలితో ఎన్ని పాస్‌లు కొట్టగలిగారు, వరుసగా ఉంచిన ఆరు గుర్తుల మధ్యనుండి బంతిని ఎంతసేపటిలో నడిపించగలిగారు అన్నవి నమోదు చేయాలి. పిల్లవాని ఫలితాన్ని ఇతరులతో కాక అతని పాత ఫలితంతోనే పోల్చాలి.

పరిమితులు

ప్రత్యర్థి లేని సాధనకే పరిమితమైతే కదలికలు అందంగా ఉన్నా అసలు ఆటలో అక్కరకు రావు. వ్యక్తిగత నైపుణ్యం మోతాదు మించితే ఆటగాడు బంతిని వదలకుండా జట్టుకు నష్టం చేస్తాడు. డ్రిబ్లింగ్ లేని పోటీ ఈ లోపానికి విరుగుడు.

రహీమ్ 1963 జూన్‌లో మరణించాడు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మళ్ళీ బంగారు పతకం రాలేదు. 1970లో కాంస్యం మాత్రం లభించింది. ఈ క్షీణతకు కారణాలు అనేకం. అయితే ఒక్క శిక్షకుని అనుభవంపైనే నడిచే శిక్షణ అతడు వెళ్ళిపోగానే ఆగిపోయే ప్రమాదం ఎక్కడైనా ఉంటుంది. పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు బదిలీ అయినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ప్రతి తరగతి అంశం, నియమం, హాజరు, ఫలితాలను నోటుపుస్తకంలో రాసి పాఠశాలలోనే ఉంచితే తరువాత వచ్చే ఉపాధ్యాయుడు మొదటికి వెళ్ళకుండా అక్కడినుండే కొనసాగించగలడు.

ఇవి కూడా చూడండి

* ఫుట్‌బాల్
* సయ్యద్ అబ్దుల్ రహీమ్
* తులసీదాస్ బలరాం
* ఫుట్‌సాల్